ప్రకృతి పరిచయము: ఏటేట కదలెడు ఒడ్డు

ఆషాఢమాసము వచ్చినదనగా మా ఆదోని పట్టణమున ఇంటింటను ఒక ప్రశ్న వినవచ్చును. మా అత్తగారికి ఎనుబదియేండ్లు దాటినవి, చూపు మందగించినది. అయినను ఉదయమున వార్తాపత్రిక వాకిట పడిన చప్పుడు వినినంతనే, "ఏమ్మా, డ్యాము ఎంత నిండిందంట?" అని యడుగనిదే కాఫీ పుచ్చుకొనరు. మన యూర వాన కురిసినదా యని ఆమె యడుగదు. పొరుగు రాష్ట్రమున హోస్పేట చెంతనున్న తుంగభద్ర జలాశయమును గూర్చియే ఆమె యాతురత. ఆదోనియందును ఎమ్మిగనూరునందును కడవలోని నీరు, నూలుకు రంగు వేయు తొట్టిలోని నీరు, చేలలోని పైరు, ఇవన్నియు ఆ జలాశయముపై నాధారపడి యున్నవని ఆమె కొకరు చెప్పనక్కఱలేదు.

మొన్న మా మనుమరాలు బడికొఱకై సరస్సు బొమ్మ గీయుచు, ముందుగా ఒక గుండ్రని గీత గీసి, దానిలోపల నీలిరంగు నింపినది. "అవ్వా, మన డ్యాము ఒడ్డు ఇట్లనే ఉంటాదా?" అని నన్నడిగినది. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఏలనన ఆ జలాశయమునకు గీతవంటి ఒడ్డు లేదు. దాని యొడ్డు ప్రతి సంవత్సరమును మైళ్ళకొలది ముందుకు వచ్చి, మఱల వెనుకకు పోవుచుండును. అంతియకాదు, ఆ రాకపోకల క్రింద, మన కంట పడకుండ, మఱియొక మార్పు డెబ్బదియేండ్లుగా జరుగుచునే యున్నది. ఈ మాసమున ఆ సంగతి ముచ్చటింతము.

తుంగ, భద్ర యను రెండు నదులును పడమటి కనుమలలో, వరాహపర్వతమున గంగమూల యను చోట జనించి, శివమొగ్గ చెంత కూడలి క్షేత్రమున నొక్కటియగును. అచ్చటనుండి 531 కిలోమీటర్లు ప్రవహించి, పూర్వపు కర్నూలు జిల్లాలోని సంగమేశ్వరము కడ కృష్ణలో కలియును. నది మన మంత్రాలయము ప్రక్కనే పాఱుచున్నను, ఎత్తైన మన చేలకు దాని నీరు చిరకాలము అందకుండెను. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన మహాక్షామమున, పెద్దలు ధాత కఱవని చెప్పుకొనెడు ఆ కాలమున, బళ్ళారి కర్నూలు సీమలలో లెక్కకు మిక్కిలిగా జనులు మడిసిరి. ఆ దినములలో ఆదోనియు బళ్ళారి జిల్లాలోనిదే. నదికి అడ్డుకట్ట వేయవలెనను తలంపు పందొమ్మిదవ శతాబ్దముననే పుట్టినను, అది పనిగా మాఱుటకు 1945 ఫిబ్రవరి 28వ తేదీ వఱకు వేచియుండవలసి వచ్చెను. ఆనాడు ఒక గట్టున బీరారు యువరాజును, రెండవ గట్టున మదరాసు గవర్నరు ఆర్థర్ హోప్ దొరయు శంకుస్థాపనము చేసిరి. అప్పటికి ఒక గట్టు నిజాము రాజ్యము, మఱియొకటి మదరాసు రాజధాని. మదరాసు పక్షమున తిరుమల అయ్యంగారును, హైదరాబాదు పక్షమున వేపా కృష్ణమూర్తిగారును ఇంజనీర్లలో ముఖ్యులై పని నడిపించిరి. 1953లో కాలువకు నీరు వదలిరి. ఆ సంవత్సరమే అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడగా ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరెను.

ఇక ఒడ్డు సంగతి. జలాశయము నిండినప్పుడు నీరు సముద్రమట్టమునకు 1633 అడుగుల యెత్తున నిలిచి, 378 చదరపు కిలోమీటర్ల మేర పఱచుకొనును. వేసవి చివరకు కాలువలకు పోయినది పోగా, ఎండ పీల్చినది పీల్చగా, నీరు ఆనకట్ట పాదమున చిన్న మడుగై మిగులును. పత్రికలలో మనము చూచు టీ.ఎం.సీ. యను కొలత నూఱుకోట్ల ఘనపుటడుగులు. నూఱు టీ.ఎం.సీ.లకు మించి నీరు పట్టు ఆ జలాశయమున కొన్ని వేసవులలో ఐదైనను మిగులవు.

గడచిన వైశాఖమున హోస్పేటలో బంధువులయింట పెండ్లికి పోయినప్పుడు, ఎగువనున్న ఒక పల్లెవఱకు వెళ్ళితిని. "నాయనా, జలాశయపు ఒడ్డు చూపుము" అని వెంటవచ్చిన కుఱ్ఱవాని నడుగగా, వాడు నవ్వి, "ఏ నెల ఒడ్డు అత్తా?" అనెను. ఆ మాట ఎంత నిజమో నడచిన పిమ్మట తెలిసినది. మొట్టమొదట తుమ్మపొదల క్రింద గులకరాళ్ళ వరుస యొకటి కనబడెను. అది భాద్రపదపు ఒడ్డు. వానకారున పడమటి గాలికి లేచిన అలలు నీరు నిలిచిన ప్రతి మట్టమునను నేలను కొఱికి మెట్టువంటి గుఱుతు విడిచిపోవును. ఆ మెట్లు దిగుచు పోగా గొఱ్ఱెలు మేయు పచ్చిక. దాని దిగువ, నీరు తీసిన తడినేలలో ఎవరో వేసికొనిన పైరు. అటుపిమ్మట అరచేయి దూఱునంతటి నెఱ్ఱెలు విచ్చిన బంకనేల, దానిలో తెల్లని నత్తగుల్లలు. ఆ వెనుక కాలు మోపిన దిగబడు బురద. నీరు ఇంకను దూరముగనే మెఱయుచుండెను. పై మెట్టునుండి నీటివఱకు నడచినచో మాఘ ఫాల్గున చైత్ర వైశాఖముల నన్నిటిని వరుసగా త్రొక్కినట్లే.

అమెరికాలో కొలరాడో నదికి అడ్డముగా హూవర్ ఆనకట్ట గట్టి నిలిపిన మీడ్ సరస్సు చుట్టు, నీరు తఱిగిన మేర రాతిగోడలపై తెల్లని చాఱ కనబడునట. అచట రాయి గనుక చాఱ పడినది. ఇచట నేల గనుక మెట్లు పడినవి. మన రాష్ట్రపు దక్షిణకొననున్న పులికాటు సరస్సున మఱియొక విధము. అచట సముద్రము తెచ్చిపోయు ఇసుకయే ముఖద్వారమును మూయుచు తెఱచుచు నుండును. నీరున్న చోట నేల కదలక మానదు.

ఇది కాలముతోడి కదలిక. ఏటేట వచ్చునది, ఏటేట పోవునది. దీనిచే హాని లేదు. కాని వచ్చి, తిరిగి పోనిది యొకటి కలదు. అదియే ఒండ్రుమన్ను.

సోదరీమణులారా! కాలువనీరు ఎఱ్ఱగా వచ్చినప్పుడు మన పెద్దలు బిందెలోపల ఇండుపగింజ అరగదీసి, కదలించకుండ నుంచెడివారు. కొంతసేపటికి ముందు ఇసుక రేణువులు, తరువాత మన్ను, చిట్టచివర మెత్తని బంక అడుగున చేరును; పైన తేటనీరు నిలుచును. ఆ బిందెను కడుగక దినదినమును అట్లే నింపుచు పోయినయెడల కొన్నాళ్ళకు ఏమగును? బిందె బయటికి అంతయే కనబడును. పట్టెడు నీరు మాత్రము తఱిగిపోవును. తుంగభద్ర జలాశయమున జరుగుచున్న దిదియే. వడిగా వచ్చిన నది నిలిచిన నీటిని తాకినంతనే వేగము చచ్చి, బరువైన ఇసుకను ఎగువ మొగదలనే దింపును. సన్నని ఒండ్రు మఱికొంత లోపలికి పోయి పడును. మిక్కిలి మెత్తనిది ఆనకట్ట దాపునకు చేఱును. మొగదల పడిన మేట విసనకఱ్ఱవలె విప్పుకొని, ఏటికేడు ఆనకట్టవైపు జరుగుచుండును. వేసవిలో నీరు దిగినప్పుడు నది తాను తెచ్చిన మేటనే తాను కోసికొని క్రొత్త పాయ తీసి, ఆ మన్నును మఱికొంత క్రిందికి దొరలించును. నిరుడు పాయ యున్న చోట ఈయేడు దిబ్బ యుండుట, దిబ్బ యున్నచోట మడుగు పడుట ఇందువలననే.

ఈ మన్ను ఎంతయో లెక్క చూతము. 1953లో జలాశయమున పట్టిన నీరు దాదాపు 133 టీ.ఎం.సీ.లు. 2008లో కొలువగా 100.855 అని తేలెను. 2016లో మఱల కొలువగా 105.788 అని వచ్చెను. ఈ రెండవ లెక్కనే పట్టుకొన్నను, దాదాపు 27 టీ.ఎం.సీ.ల చోటు మన్ను ఆక్రమించినది. ఈ యంకె మన యింటి కెట్లు తగులునో చూడుడు. రెండు లక్షల జనము గల పట్టణమున మనిషికి దినమునకు నూఱు లీటర్ల చొప్పున వాడినయెడల, ఒక్క టీ.ఎం.సీ. నీరు నాలుగేండ్లకు కొంచెము తక్కువగా వచ్చును. ఇరువది యేడు టీ.ఎం.సీ.లు నూఱేండ్లకు వచ్చును! మఱియొక పోలిక. 1976లో ముగిసిన బచావత్ న్యాయమండలి తీర్పు ననుసరించి మన దిగువకాలువకు ఆంధ్రదేశపు పాలు ఏటికి 24 టీ.ఎం.సీ.లు. మన్ను తీసికొనిన పాలు అంతకంటె ఎక్కువ.

"వానకారున గేట్లెత్తి నీరు క్రిందికి వదలుచునే యున్నారు గదా, చోటు తఱిగిన నేమి?" అని కొందఱు సోదరీమణులు శంకింతురు. శ్రావణమున నీరు అందఱికిని ఉండును. జలాశయము కట్టినది శ్రావణపు నీటిని చైత్రమునకు దాచుటకే. దాచు చోటు తఱిగిన కొలదిని వఱద వఱదగనే పోవును, వేసవి వేసవిగనే వచ్చును. దిగువకాలువ రమారమి 250 కిలోమీటర్లు కన్నడసీమలో నడచి గాని మన మేరకు రాదు. ఇక్కడ 1,51,000 ఎకరములకు పైగా దాని క్రింద లెక్కింపబడియున్నది. కాలువ పొడవైన కొలదిని కొననున్నవారికి కొఱత ముందుగా తాకును, మనము కొననున్నవారము. కాలువ కట్టివేసిన పిమ్మట ఆదోనికి బసలదొడ్డి చెఱువులోను, ఎమ్మిగనూరునకు గుడేకల్లు చెఱువులోను నింపి దాచిన నీరే దిక్కు. మాచాని సోమప్పగారు 1938లో నేతగాండ్ర సహకారసంఘము స్థాపించిన ఎమ్మిగనూరున, వేసవిలో నీటికుళాయి రాని దినమున మగ్గముమీది యిల్లాండ్రు మొదట విడుచునది పని, పట్టునది బిందె.

ఒడ్డు కదలుట అన్ని ప్రాణులకును కీడు కాదని కూడ చెప్పవలెను. నీరు తీసిన బురదలో పురుగు, నత్త, లేతపచ్చిక పుష్కలము. శీతకాలమున తలపై రెండు నల్లని పట్టీలు గల బాతులు మంగోలియా, టిబెట్టు దేశములనుండి హిమాలయములను దాటి ఈ యొడ్డునకు వచ్చును. బూడిదవన్నె క్రౌంచములును బారులు తీఱి దిగును. ఎఱ్ఱకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకొను అంకసముద్రపు చెఱువు ఈ వెనుకనీటికి చేరువనే యున్నది. దానిని 2024లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల రామ్సర్ తావులలో చేర్చిరి. ఆనకట్టకు దిగువ, కంప్లివఱకు గల 34 కిలోమీటర్ల యేటిని 2015లో నీటికుక్కలకు రక్షితప్రదేశముగా చేసిరి. వేసవిలో బయటపడిన ఇసుకతిన్నెలపై చిన్న చిన్న పక్షులు గ్రుడ్లు పెట్టును. గూడు లేదు, గుంటయే గూడు. అకాలమున నీరు పెరిగిన ఆ సంసారములు మునిగిపోవును. మఱియొక వంక ఇటీవలి శీతకాలములలో ఆ నీరు పలుమార్లు ఆకుపచ్చగా మాఱినది. చేల యెరువులు, ఊళ్ళ మురుగు కొట్టుకొనివచ్చి నిలిచిననీట చేరగా నాచు విరివిగా పెరుగుటయే దానికి కారణము.

మునిగిన సంసారములు పక్షులవే కావు. ఈ జలాశయము క్రింద సుమారు 90 గ్రామములు పోయినవి. ఏబదివేలకు మించిన జనము లేచిపోవలసి వచ్చెను. నారాయణదేవరకెరె యను ఊరివారు తమ దేవతలను వెంటబెట్టుకొని పోయి మరియమ్మనహళ్ళిలో క్రొత్తగా కాపురములు పెట్టిరి. మన కడవ నిండుటకు వారు తమ పొయ్యిరాళ్ళు విడిచిపోయిరి. ఆ త్యాగముతో సంపాదించిన చోటే నేడు మన్నుపాలగుచున్నది.

ఆ యొడ్డు ఎంత సున్నితమైనదో 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి అందఱికిని తెలిసినది. ఆనకట్టపైనున్న 33 గేట్లలో 19వ దాని గొలుసు తెగి, గేటు కొట్టుకొనిపోయెను. నిండుకుండవలె నున్న జలాశయమును, ఒత్తిడి తగ్గింపవలసి, చూచుచుండగనే కొంతవఱకు ఖాళీ చేయవలసి వచ్చెను. మూడు నెలలలో వెనుకకు పోవలసిన యొడ్డు వారము దినములలో పోయెను. మా యింట ఆ వారము అత్తగారు పత్రిక చదివింపించుకొనలేదు. దేవునిమూల దీపము పెట్టి కూర్చుండిరి. కన్నయ్యనాయుడుగారను వృద్ధ ఇంజనీరు ఆధ్వర్యవమున ప్రవాహమునకు ఎదురుగానే ఇనుపపలకలు దింపి ఆగస్టు 17వ తేదీకి ఆ గండిని మూసిరి. తరువాతి వానలకు జలాశయము మఱల కోలుకొనెను. 2025 వానకారున గేట్లన్నియు మార్చవలసియున్నందున నిలువను 80 టీ.ఎం.సీ.లకే పరిమితము చేసిరి. గేటు తెగినది కనుక లోకమంతయు చూచెను. ఒండ్రు పడుట చప్పుడు చేయదు. కనుకనే చూచువారు లేరు.

"అట్లయిన ఆ మన్ను తీసివేయరాదా?" అందురు. 2017 వేసవిలో కొందఱు రైతులు ప్రభుత్వముకొఱకు ఎదురుచూడక తామే పూనుకొని పూడిక తీయనారంభించిరి. వారి పూనిక మెచ్చదగినది. కాని లెక్క చూడుడు. ఒక లారీకి పది ఘనమీటర్ల మన్ను పట్టునని, దినమునకు వేయి లారీలు తోలుదమని అనుకొన్నను, ఇప్పుడున్న పూడిక తీయుటకు రెండువందల యేండ్లకు మించి పట్టును. అంతలో క్రొత్తమన్ను ఊరకుండునా? ఇన్నేండ్ల సగటు చూచిన దినమునకు మూడువేల లారీలకు మించిన మన్ను నది తెచ్చి పోయుచునే వచ్చినది. తీయువాడొకడు, పోయువాండ్రు మువ్వురు! అందుచేతనే నవలి కడ మఱియొక జలాశయము కట్టి వఱదనీటిని నిలుపవలెనను ఆలోచన పుట్టినది. అదియు నొక మార్గము. కాని ఆ క్రొత్త బిందెలోను ఈ నీరే గదా పోయవలసినది.

మన్ను జలాశయమున పుట్టినది కాదు. అది కొండవాలున చెట్టు నరికిన చోట, గనులు త్రవ్విన చోట, గట్లు తెగిన చేనిలో పుట్టినది. భద్రానది జన్మస్థానము దాపున కుద్రేముఖములో ఇనుపరాతి గని యుండెడిది. ఏటిలో మన్ను చేరుచున్నదని మొఱలు పెట్టగా, సుప్రీంకోర్టు తీర్పుచే 2005 చివరకు ఆ గని మూతపడెను. పుట్టినచోటనే మన్నును ఆపవచ్చుననుటకు ఇదియొక నిదర్శనము. మన పూర్వులు వేసవిలో ఊరిచెఱువు పూడిక తీసి, ఆ మన్ను చేలకు తోలుకొనెడివారు. చెఱువు లోతయ్యెడిది, చేను బలిసెడిది. తుంగభద్రను మనము తవ్వలేము. మన యూరి చెఱువును, మన చేనిగట్టును, బసలదొడ్డిని గుడేకల్లును మాత్రము కాపాడుకొనగలము. కొఱత పడినప్పుడు పెద్ద జలాశయముకంటె ముందు మనలను ఆదుకొనునవి అవియే. పురపాలకసంఘమువారి సభలలో కుళాయి వేళలను గూర్చి యడుగు సోదరీమణులు, ఆ చెఱువులలో నీరెంత, పూడిక యెంత, ఎప్పుడు కొలిచిరని కూడ అడుగుట నేర్వవలెను.

మా మనుమరాలికి ఈ సంగతులన్నియు చెప్పితిని. అది తన బొమ్మలో ఆ గుండ్రని గీతను చెఱిపి, ఒకదానిలో నొకటిగా ఐదాఱు గీతలు గీసినది. అడుగున ఎఱ్ఱరంగు పూసినది. మా అత్తగారికి ఆ బొమ్మ కనబడదు గనుక వివరించి చెప్పితిమి. ఆమె తన బాల్యమున కాలువనీరు మొదటిసారి ఊరిపొలిమేరకు వచ్చినప్పుడు, ముత్తైదువలు పసుపుకుంకుమలతో ఎదురేగిరనియు, ఆ నీరు ఎఱ్ఱగా నుండెననియు చెప్పిరి. "నీళ్ళొచ్చినాయని చూసినాము గానీ, మన్నొస్తాందని చూసినామా!" అనిరి.

మఱునాడు ఉదయమున పత్రిక వాకిట పడినది. ఆమె ప్రశ్న కొంచెము మాఱినది. "డ్యాము ఎంత నిండిందంట?" అని యడిగి, ఒక్క క్షణమాగి, "దాంట్లో నీళ్ళెంత, మన్నెంత?" అనిరి.